తెగిన నాళాన్ని కుట్టిన చేయి

1894వ సంవత్సరం జూన్ 24, ఆదివారం. పట్టు నేతకు పేరుగాంచిన ఫ్రాన్సు నగరం లియోన్ ఆనాడు తోరణాలతో, దీపాలతో కళకళలాడుతున్నది. అక్కడ జరుగుతున్న గొప్ప వస్తు ప్రదర్శనను చూడడానికి దేశాధ్యక్షుడు సాడీ కార్నో విచ్చేశాడు. విందు ముగించుకొని, రాత్రివేళ నాటకశాలకు పోవడానికి ఆయన గుర్రపు బండిలో బయలుదేరాడు. దారికి ఇరువైపులా జనం జయజయధ్వానాలు చేస్తున్నారు. ఆ సమూహంలోనుంచి ఒక యువకుడు దూసుకొని వచ్చి, వార్తాపత్రికలో దాచి తెచ్చిన బాకుతో అధ్యక్షుని పొట్టలో పొడిచాడు. అతడు కసేరియో అనే ఇటలీ దేశస్థుడు, అరాచకవాది. అధ్యక్షుని వెంటనే అధికార భవనానికి తరలించారు. నగరంలోని పేరుపొందిన శస్త్రవైద్యులందరూ పరుగున వచ్చారు. గాయాన్ని వెడల్పు చేసి చూశారు, గుడ్డలు కుక్కారు. నెత్తురు ఆగలేదు. అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికే కార్నో కన్నుమూశాడు.

బాకు కాలేయాన్ని చీల్చి, దాని అడుగున ఉన్న ఒక పెద్ద సిరను తెగగొట్టింది. జంతుశాస్త్ర పాఠాలలో మనం కాలేయ నిర్వాహక సిర అని చదువుకొనేది దానినే. పేగులు, జీర్ణాశయం, ప్లీహం మొదలైన అవయవాలనుండి వచ్చే నెత్తురంతా ఆ ఒక్క నాళంలోనికే చేరి కాలేయానికి పోతుంది. నిమిషానికి ఒక లీటరుకు పైగా రక్తం అందులో ప్రవహిస్తుంది. అటువంటి నాళం తెగినప్పుడు దానిని ముడివేసి ఊరుకోవడానికి వీలులేదు. ముడివేస్తే పేగులనుండి తిరిగి రావలసిన నెత్తురుకు దారి ఉండదు. ముడివేయకపోతే నిమిషాలలో ప్రాణం పోతుంది. ఆనాటి వైద్యులకు మూడవ దారి తెలియదు.

ఆ నగరంలోనే వైద్యవిద్య అభ్యసిస్తున్న ఒక యువకుని ఈ మరణం కలవరపెట్టింది. నాలుగు రోజులైతే అతనికి ఇరవై ఒక్క సంవత్సరాలు నిండుతాయి. చిరిగిన గుడ్డను కుట్టినట్లు తెగిన నాళాన్ని కుట్టగలిగి ఉంటే అధ్యక్షుడు బ్రతికేవాడు కదా అని అతడు బాహాటంగానే అన్నాడట. పెద్దలు ఆ మాటను పిల్లవాని ప్రగల్భంగా భావించారు. ఆ యువకుడే అలెక్సిస్ కారెల్.

కారెల్ 1873 జూన్ 28న లియోన్ పొరుగున ఉన్న సెంట్ ఫ్వా అనే ఊరిలో జన్మించాడు. తండ్రి వస్త్ర పరిశ్రమ నడిపే సంపన్నుడు. కుమారునికి ఐదేళ్ల వయస్సులోనే ఆయన మరణించాడు. ముగ్గురు పిల్లలను పెంచే భారం తల్లిపై పడింది. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరైనా, తండ్రి పోయిన పిమ్మట ఆ బాలునికి తండ్రి పేరైన అలెక్సిస్ అనేదే స్థిరపడింది. జెస్యూట్ గురువుల పాఠశాలలో చదువు ముగించి లియోన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరాడు. కొంతకాలం సైన్యంలో కొండ ప్రాంతపు దళాలతో వైద్యసేవ చేశాడు. 1900లో వైద్యపట్టం అందుకొన్నాడు. ఈ వివరాలలో అసాధారణమైనది ఏమీ లేదు. అసాధారణమైనది ఆ ఊరి గాలిలో ఉన్నది. లియోన్‌లో వీధి వీధినా పట్టు, దారం, సూది. అక్కడి స్త్రీల సూదిపనికి యూరప్ అంతటా గిరాకీ ఉండేది.

నెత్తురును ఆపడానికి మానవుడు ఎన్నడో ఉపాయాలు వెదికాడు. మన సుశ్రుతుడు రక్తస్రావాన్ని నిలపడానికి సంధానం, స్కందనం, పాచనం, దహనం అని నాలుగు మార్గాలు చెప్పాడు. గాయపు అంచులను కలపడం, నెత్తురు గడ్డకట్టేటట్లు చేయడం, మందుపొడులు అద్దడం, కాల్చడం అని వాటిని స్థూలంగా చెప్పుకోవచ్చు. యూరప్‌లో శతాబ్దాలపాటు ఎర్రగా కాల్చిన ఇనుముతో చురకలు పెట్టేవారు. 16వ శతాబ్దంలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే, కాలో చేయో తీసివేసేటప్పుడు తెగిన నాళాలను దారంతో ముడివేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఇవన్నీ నెత్తురు దారిని మూసివేసే ఉపాయాలే. దారి మూయకుండా చిల్లు మాత్రం మూయడం ఎట్లా అన్నది మిగిలిపోయింది.

అందుకు ప్రయత్నించిన వారు లేకపోలేదు. 1877లో ఎక్ అనే రష్యన్ వైద్యుడు కుక్కలలో కాలేయ నిర్వాహక సిరను మరొక పెద్ద సిరతో కలిపి కుట్టాడు. లియోన్‌లోనే జబూలే అనే శస్త్రవైద్యుడు 1896లో ధమనులను కుట్టే పద్ధతి ఒకటి ప్రకటించాడు. అయితే చాలామంది ప్రయత్నాలు విఫలమయ్యేవి. సూదులు లావు, దారం గరుకు. సూది గ్రుచ్చిన ప్రతి రంధ్రంనుండి నెత్తురు కారేది. నాళం లోపలి పొర అద్దంవలె నున్నగా ఉంటుంది. దానిపై దారపు పోగు కనిపించినా, గీత పడినా నెత్తురు అక్కడే గడ్డకట్టి నాళం పూడిపోయేది. సిరల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. ధమని గోడ మందంగా, సాగే గుణంతో ఉంటుంది. తెగితే నెత్తురు చిమ్ముతుంది కాబట్టి ఎక్కడ తెగిందో తెలుస్తుంది. సిర గోడ పలుచన. తెగిన సిర ముడుచుకొని పోతుంది, నల్లని నెత్తురు బావిలో ఊటవలె అడుగునుండి ఉబికి వచ్చి గాయాన్ని నింపుతుంది. గాయం కనబడదు, పట్టుకోబోతే ఇంకా చిరుగుతుంది.

కారెల్ ఈ చిక్కును విప్పడానికి గ్రంథాలయానికి పోలేదు, సూదిపని చేసే ఒక స్త్రీ వద్దకు పోయాడు. ఆమె పేరు లెరూడియే. బుటేదారీ పనిలో లియోన్‌లో ఆమెకు సాటి లేరని ప్రసిద్ధి. పట్టం పుచ్చుకొన్న వైద్యుడు ఆమె ఎదుట శిష్యుడై కూర్చుండి, సన్నని సూదిని వ్రేళ్ల కొనలతో నడపడం, దారం బిగువు తెలుసుకోవడం, కుట్టు పైకి కనబడకుండా దాచడం నేర్చుకొన్నాడు. వైద్య చరిత్రలో ఎందరో గురువుల పేర్లు విశ్వవిద్యాలయాల గోడలపై చెక్కి ఉన్నాయి. ఈ గురువు పేరు మాత్రం చాలా పుస్తకాలలో ఒక్క వాక్యానికి మించి కనబడదు.

నేర్చిన చేతికి ఆలోచన తోడయింది. కారెల్ అత్యంత సన్నని సూదులను, దారాన్ని ఎన్నుకొని, వాటికి వ్యాజలీను పూసి నున్నగా చేశాడు. దారం గోడలో జారిపోయేటప్పుడు రంధ్రం చిరగదు, వ్యాజలీను ఆ సందును కొంత పూడుస్తుంది. అంచులను కొద్దిగా బయటికి మడిచి, లోపలి పొర లోపలి పొరతోనే కలిసేటట్లు కుట్టాడు. అప్పుడు నెత్తురు ప్రవహించే దారిలో దారం పోగు దాదాపు కనబడదు. ఆయన చేసిన ముఖ్యమైన యుక్తి మరొకటి. గుండ్రని గొట్టాన్ని గొట్టంతో కుట్టడం కష్టం. చుట్టూ తిరుగుతూ పోతే అంచులు ముడతలు పడతాయి, ఎదుటి గోడ కూడా సూదికి చిక్కుతుంది. అందుచేత రెండు కొనలనూ సమాన దూరంలో మూడు చోట్ల ముందుగా కలిపి, ఆ మూడు దారాలను మూడు వైపులకు లాగి పట్టించాడు. గాజువంటి వలయం త్రికోణంగా మారింది. వంపు అంచు మూడు తిన్నని అంచులైంది. తిన్నని అంచును కుట్టడం లెరూడియే వంటి వారి శిష్యునికి లెక్కలోనిది కాదు. ఈ పద్ధతిని 1902లో లియోన్ వైద్యపత్రికలో ఆయన ప్రకటించాడు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు.

అదే సంవత్సరం ఆయన జీవితం అడ్డం తిరిగింది. రోగులైన యాత్రికులను లూర్దు అనే పుణ్యక్షేత్రానికి తీసికొనిపోయే రైలులో వైద్యునిగా వెళ్లాడు. మరణావస్థలో ఉన్నదని తాను భావించిన ఒక క్షయరోగి అక్కడ కోలుకోవడం చూశాడు. చూసినది దాచలేదు, దానికి తన వద్ద వివరణ ఉన్నదనీ చెప్పలేదు. శాస్త్రజ్ఞులు ఆయనను మూఢవిశ్వాసిగా చూశారు. భక్తులకేమో ఆయన మాట చాలినంత భక్తితో ఉన్నట్లు తోచలేదు. లియోన్‌లో పదవి వచ్చే ఆశ అడుగంటింది. 1904లో స్వదేశం విడిచి కెనడాకు, అక్కడినుండి అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయానికి చేరాడు.

షికాగోలో చార్లెస్ గత్రీ అనే శరీరధర్మ శాస్త్రవేత్తతో కలిసి పనిచేసిన కాలం కారెల్ జీవితంలో అత్యంత ఫలవంతమైనది. ధమనిలో పోయిన భాగానికి బదులు సిర ముక్కను అతికించవచ్చునని, మూత్రపిండాన్ని వేరుచేసి తిరిగి రక్తనాళాలతో కలిపితే అది పనిచేస్తుందని వారిద్దరూ జంతువులలో చూపారు. తరువాత కీర్తి అంతా కారెల్‌కే దక్కింది. గత్రీకి న్యాయం జరగలేదని నేటికీ వాదించేవారు ఉన్నారు. ఆ వాదంలో బలం లేకపోలేదు. 1906లో కారెల్ న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ వైద్య పరిశోధన సంస్థలో చేరాడు. మూడు దశాబ్దాలకు పైగా అదే ఆయన కర్మక్షేత్రం.

1908 మార్చిలో ఒక రాత్రి న్యూయార్కు వైద్యుడొకరి ఇంటికి కారెల్‌ను పిలిపించారు. ఆ ఇంట పుట్టి కొద్ది రోజులైన ఆడశిశువు ఒంటినుండి నెత్తురు ఆగకుండా పోతున్నది. నవజాత శిశువులలో విటమిన్ కె లోపంవల్ల ఇట్లా జరుగుతుందని ఇప్పుడు మనకు తెలుసు. పుట్టగానే ఒక సూదిమందు ఇచ్చి దానిని నివారిస్తున్నాం. ఆనాడు ఆ విటమిన్ పేరే ఎవరికీ తెలియదు. నెత్తురు గడ్డకట్టకుండా సీసాలో నిలవచేసే విద్య కూడా అప్పటికి రాలేదు. ఉన్న దారి ఒక్కటే. తండ్రి నెత్తురు నేరుగా బిడ్డలోనికి పోవాలి. తండ్రిని పడుకోబెట్టి, బిడ్డను ఆయన చేతి ప్రక్కన ఉంచారు. కారెల్ తండ్రి మణికట్టు ధమనిని బిడ్డ మోకాలి వెనుకనున్న సిరతో కలిపి కుట్టాడు. అంత చిన్న బిడ్డ సిర ఎంత సన్నగా, ఎంత పెళుసుగా ఉంటుందో ఊహించవచ్చు. కుట్టు ముగిసి పట్టుకొమ్మను వదలగానే తండ్రి నెత్తురు బిడ్డలో ప్రవేశించింది. పాలిపోయిన దేహానికి రంగు తిరిగి వచ్చింది. రక్తస్రావం ఆగింది, బిడ్డ బ్రతికింది. లియోన్‌లో బుటేదారీ పని నేర్చిన చేయి మనిషి ప్రాణం కాపాడిన తొలి సందర్భాలలో ఇది ప్రసిద్ధమైనది.

1912లో కారెల్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. రక్తనాళాలను కుట్టే విధానానికి, నాళాలను, అవయవాలను మార్చి అతికించడంలో చేసిన కృషికి ఆ గౌరవం దక్కింది. ఒక జంతువు మూత్రపిండాన్ని అదే జంతువులో తిరిగి అమర్చితే నిలుస్తుంది, మరొక జంతువుకు అమర్చితే కొద్ది రోజులలో పాడవుతుంది అని ఆయన గమనించాడు. కుట్టులో లోపం లేదని, శరీరమే పరాయి అవయవాన్ని తిరస్కరిస్తున్నదని గ్రహించాడు. ఆ తిరస్కారం ఎందుకు కలుగుతుందో తేలడానికి, మనుషులలో మూత్రపిండ మార్పిడి సఫలం కావడానికి 1954 వరకు ఆగవలసి వచ్చింది.

బహుమతి వచ్చిన 1912లోనే కారెల్ చేసిన మరొక ప్రయోగం అంతగా ఎవరి కంటా పడలేదు. గుండెనుండి బయలుదేరే బృహద్ధమనిలో, ఛాతీ భాగాన, ఆయన గాజు గొట్టాలను, అల్యూమినియం గొట్టాలను పెట్టి చూశాడు. నెత్తురు అంటుకొనకుండా వాటికి పారఫిన్ మైనం పూశాడు. ప్రయోగాలన్నీ కుక్కలపైనే. చిల్లుపడిన నాళాన్ని బయటినుండి కుట్టడానికి బదులు, లోపలినుండి ఒక గొట్టం ఆధారంగా నిలిస్తే చాలదా అన్నది ఆ ప్రయోగం వెనుకనున్న ప్రశ్న. గొట్టాలు కొంతకాలం నెత్తురుకు దారి ఇచ్చాయి. తరువాత గట్టి గొట్టం అంచు మెత్తని నాళాన్ని ఒరసుకొని పుండు చేసింది, నెత్తురు గడ్డలు కట్టింది. ఆలోచన సరియైనదే, దానికి తగిన పదార్థమే ఆనాటికి లోకంలో లేదు.

మొదటి ప్రపంచయుద్ధం రాగానే కారెల్ ఫ్రాన్సుకు పోయి సైనిక వైద్యశాల నడిపాడు. భార్య అక్కడే నర్సుగా తోడ్పడింది. కందకాలలోని బురద పట్టి కుళ్లిన గాయాలకు కాళ్లూ చేతులూ తీసివేయడమే చికిత్సగా ఉన్న కాలమది. డేకిన్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త సోడియం హైపోక్లోరైటుతో తయారుచేసిన ద్రావణాన్ని సన్నని రబ్బరు గొట్టాలద్వారా గాయం లోతులకు మాటిమాటికి పంపి కడిగే పద్ధతిని వారిరువురూ రూపొందించారు. ఎందరో సైనికులకు కాళ్లూ చేతులూ దక్కాయి.

యుద్ధానంతరం ఆయన పేరు పత్రికలలో మారుమ్రోగింది. కోడి పిండపు గుండెనుండి తీసిన కణజాలాన్ని ప్రయోగశాలలో దశాబ్దాలపాటు బ్రతికించి ఉంచానని, కణానికి చావు లేదని ఆయన ప్రకటించాడు. లోకం నమ్మింది. సాధారణ కణాలు కొన్ని పర్యాయాలు విభజన చెంది ఆగిపోతాయని 1961లో హేఫ్లిక్ అనే శాస్త్రవేత్త నిరూపించాడు. అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఒంటరిగా విమానంలో దాటిన లిండ్‌బర్గుతో కలిసి, శరీరంనుండి వేరుచేసిన అవయవాలకు ద్రవం అందించి బ్రతికించే పంపును 1935లో ప్రపంచానికి చూపాడు.

అదే 1935లో మానవుని గురించి ఆయన రాసిన పుస్తకం ఒకటి వెలువడి, అనేక భాషలలోకి వెళ్లి, లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది. అందులో ఆయన మనుషులను మేలుజాతివారు, తక్కువజాతివారు అని విడదీశాడు. ఘోరనేరాలు చేసిన వారిని, నేరాలు చేసిన మతిభ్రష్టులను విషవాయువు పెట్టి నొప్పి లేకుండా చంపవచ్చునని సూచించాడు. జర్మన్ ముద్రణకు రాసిన ముందుమాటలో నాజీ ప్రభుత్వపు చర్యలను మెచ్చుకొన్నాడు. కొద్ది సంవత్సరాలకే ఆ దేశంలో మానసిక రోగులను వాయువుతో చంపడం మొదలైంది. అందుకు ఆయన పుస్తకమే కారణమని అనలేము. కాని, పుట్టి కొద్ది రోజులైన శిశువుకోసం రాత్రివేళ పరుగెత్తిన మనిషి ఆ వాక్యాలు రాశాడన్న నిజాన్ని దాచి ఈ జీవితాన్ని చెప్పుకోవడం సత్యం కాదు. నేర్పు చేతికి వచ్చినంత సులభంగా కరుణ బుద్ధికి రాలేదేమోననిపిస్తుంది.

1939లో రాక్‌ఫెల్లర్ సంస్థనుండి విరమించి, యుద్ధకాలంలో ఫ్రాన్సుకు తిరిగి వచ్చాడు. జర్మనీకి లొంగిన విషీ ప్రభుత్వం 1941లో మానవ సమస్యల అధ్యయనానికి ఒక సంస్థను నెలకొల్పి దానిని ఆయన చేతిలో పెట్టింది. 1944 ఆగస్టులో పారిస్ విముక్తి పొందగానే ఆయనను పదవినుండి తొలగించారు. శత్రువుతో చేతులు కలిపాడన్న నింద వచ్చింది. అప్పటికే గుండెజబ్బుతో మంచం పట్టిన కారెల్, విచారణ జరగకముందే 1944 నవంబర్ 5న పారిస్‌లో మరణించాడు. బ్రిటనీ తీరాన తాను ప్రేమించిన సెంట్ జిల్డా అనే చిన్న దీవిలో ఆయనను సమాధి చేశారు. లియోన్‌లో ఒక వైద్యకళాశాలకు చాలాకాలం ఆయన పేరుండేది. 1996లో ఆ పేరు తొలగించారు.

పేరు తొలగినా కుట్టు తొలగలేదు. మూత్రపిండాలు చెడినవారికి రక్తశుద్ధి చేయడానికి ముంజేతిలో ధమనిని సిరతో కలిపి కుడతారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఈ వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మనం విన్నదే. అక్కడి రోగి ముంజేతిపై ఉబ్బెత్తుగా కనిపించే ఆ నాళంలో ఉన్నది కారెల్ నేర్పిన విద్యయే. గుండెకు సిర ముక్కతో కొత్త దారి వేసే బైపాస్ చికిత్సకూ, అవయవ మార్పిడికీ పునాది అదే.

ఇక గాజు గొట్టపు ఆలోచన ఏమైంది? దానికి తగిన పదార్థం మళ్లీ వస్త్ర పరిశ్రమనుండే వచ్చింది. 1952లో అమెరికా వైద్యుడు వూరీస్, కృత్రిమ నూలుతో చేసిన గుడ్డ గొట్టాన్ని కుక్కల బృహద్ధమనిలో అమర్చి ఫలితం సాధించాడని ప్రకటించాడు. మైకేల్ డిబేకీ అనే శస్త్రవైద్యుడు డేక్రాన్ గుడ్డ తెచ్చి, కుట్టుమిషన్ మీద స్వయంగా గొట్టాలు కుట్టాడు. 1969లో చార్లెస్ డాటర్ లోహపు తీగచుట్టలను సన్నని గొట్టంద్వారా నాళంలోనికి జార్చవచ్చునని కుక్కలలో చూపాడు. గుడ్డ గొట్టం ఒకరిది, తీగచుట్ట మరొకరిది. రెండూ కలిస్తే స్టెంట్ గ్రాఫ్ట్. అంటే లోహపు జాలీకి గుడ్డ తొడుగు వేసి, గొడుగువలె ముడిచి, శరీరంలోనికి పంపి, కావలసిన చోట విచ్చుకొనేటట్లు చేసే గొట్టం. 1987లో ఖార్కివ్ నగరంలో వోలోడోస్ ఛాతీలోని బృహద్ధమనికి, 1990లో బ్యూనస్ ఎయిరిస్‌లో పరోడీ పొట్టలోని బృహద్ధమనికి ఇటువంటి గొట్టాలు అమర్చారు.

ధమనులకోసం పుట్టిన ఈ సాధనాన్ని వైద్యులు క్రమంగా పెద్ద సిరల గాయాలకూ వాడసాగారు. కాలేయం వెనుక దాగి ఉన్న పర మహాసిర, అంటే కాళ్లనుండి, పొట్టనుండి నెత్తురును గుండెకు చేర్చే మహానాళం, తెగినప్పుడు పొట్ట కోసి దానిని చేరడం అనుభవజ్ఞులకే భయం గొలుపుతుంది. పొట్ట మూసి ఉన్నంతసేపు లోపల చేరిన నెత్తురే చిల్లును కొంత అదిమి పట్టి ఉంచుతుంది. కోసిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి వరద వస్తుంది. స్టెంట్ గ్రాఫ్ట్ అయితే పొట్ట కోయనక్కరలేదు. గజ్జలోని సిరలో చిన్న రంధ్రం చేసి, సన్నని తీగను పైకి నడిపి, ఎక్స్‌రే తెరపై చూస్తూ ముడిచిన గొట్టాన్ని గాయపడిన చోటికి చేరుస్తారు. అవసరమైతే ముందుగా ఒక బెలూన్ ఉబ్బించి నెత్తురును నిలుపుతారు. గొట్టం విచ్చుకోగానే గుడ్డ చిల్లును కప్పుతుంది. నెత్తురు గుడ్డ గొట్టంలోనుంచి తన దారిన గుండెకు పోతుంది. దారి మూయకుండా చిల్లు మాత్రం మూయడమంటే ఇదే.

చిక్కులు లేవని కాదు. నెత్తురు పోయిన మనిషి సిర ముడుచుకొని సన్నగా కనబడుతుంది. దానిని చూసి చిన్న గొట్టం ఎన్నుకొంటే, నెత్తురు ఎక్కించి సిర విచ్చుకొన్న తరువాత గొట్టం వదులై గుండెవైపు జారిపోయే ప్రమాదం ఉంది. కాలేయంనుండి, మూత్రపిండాలనుండి వచ్చే సిరల ద్వారాలు గుడ్డ క్రింద మూసుకొనిపోకుండా చూడాలి. సిరలో నెత్తురు మెల్లగా పారుతుంది కాబట్టి గొట్టంలో గడ్డకట్టే భయం ఎక్కువ. గడ్డకట్టకుండా మందు ఇద్దామంటే, ఇతర గాయాలున్న రోగికి ఆ మందే హాని. పేగు కూడా తెగి ఉంటే గుడ్డకు చీము పట్టవచ్చు. వీటన్నిటినీ కొద్ది నిమిషాలలో ఆలోచించి నిర్ణయించవలసి ఉంటుంది.

కార్నోకు తగిలిన గాయంవంటిది నేడు తగిలితే ఏమి చేస్తారు? బాకుతో కాలేయం, దాని అడుగు సిర తెగి, నెత్తురు పొట్టలోనికి ధారగా పోతున్న రోగిని చాలావరకు నేరుగా శస్త్రచికిత్స గదికే తీసికొనిపోతారు. నెత్తురు ఎక్కిస్తూ, కాలేయానికి పోయే నాళాలను చేతితో అదిమి పట్టి, తెగిన సిరను సన్నని దారంతో కుడతారు. అటువంటి గాయాలలో నేటికీ ఎందరో దక్కరు. క్లోమంవంటి అవయవాలకు శస్త్రచికిత్స జరిగిన తరువాత ఆ సిరనుండి రక్తస్రావమైనప్పుడు మాత్రం, కాలేయంగుండా సూదిని పోనిచ్చి సిర లోపల స్టెంట్ గ్రాఫ్ట్ విప్పి నెత్తురు ఆపిన సందర్భాలు ఇటీవలి వైద్యపత్రికలలో కనిపిస్తున్నాయి. గజ్జనుండి గొట్టాన్ని పంపినప్పుడు, పని ముగిశాక అక్కడ మిగిలే చిన్న రంధ్రాన్ని వైద్యుడు కొంతసేపు చేతితో అదిమి పడతాడు, లేదా ఒక్క కుట్టు వేసి మూస్తాడు.